కిరణ్ చూపించిన నా పని

గురువారం, మిర్యాలగూడ

ధాన్యం లారీలు మిల్లుల ముందు బారులు తీరకుండా టోకెన్లు ఇచ్చే యాప్‌ను ఈ రోజు ఆన్‌లైన్ మీటింగ్‌లో చూపించారు. చేసింది నేను. చూపించింది హైదరాబాద్ ఆఫీసులో కూర్చునే కిరణ్. మేనేజర్ సార్ అతన్నే మెచ్చుకొని, వచ్చే ప్రాజెక్టుకు లీడ్‌గా పెడతానన్నారు. నేను మైకు తెరవలేదు. పని పూర్తవగానే కిరణ్‌కే పంపడం నా అలవాటు. ఆఫీసు గ్రూపులో పెడితే గొప్పలు చెప్పుకున్నట్టుంటుందని.

పక్కనే ఉన్న నా భార్య సుజాత అంతా విన్నది.

"గా యాప్ నువ్ జేసిందే గదా? నోట్లె ఏం బెట్టుకున్నవ్?"

"మెల్లగ, వింటరు."

"మైకు బందే ఉండె గదా, ఎవలింటరు! బియ్యం బస్తా మీద గూడ మిల్లు పేరుంటది. నీ పని మీదనే ఉండదు."

సాయంత్రం గ్రూపులో 'టోకెన్ యాప్ నేను చేశాను' అని రాసి, చెరిపి, మళ్లీ రాసి పంపాను. వెంటనే కిరణ్ 'అవును సార్, అంతా అన్న చేసిందే' అని పెట్టాడు. సార్ ఫోన్ చేశారు.

"చెప్పకపోతే నాకెట్ల తెలుస్తదయ్యా? సరే, రేపు మిల్లు ఓనర్లకు నువ్వే చూపియ్యి. కెమెరా ఆన్ చేసి. లీడ్ సంగతి తర్వాత చూద్దాం."

"సరే సార్" అన్నాను.

సుజాత తెల్ల చొక్కా ఇస్త్రీ చేసి పెట్టింది. ఇన్నాళ్లూ పేరు రాలేదని బాధపడుతున్నాననే అనుకున్నాను. ఎవరి ముందూ మాట్లాడే పనిలేదని లోలోపల హాయిగా కూడా ఉన్నట్టున్నాను. రేపు అందరికీ నమస్కారం అంటాను. ఆ తర్వాత ఏమనాలో...