తలుపుకి పక్కన నిలబడు

అమ్మా, నేను కులాసా. దగ్గు తగ్గింది, బెంగపడకు.

ఇక్కడ శిక్షణలో ఒక్కో దేశం పోలీసుకి ఇంకో దేశం పోలీసుని జత చేశారు, ఒకరి పని ఒకరు నేర్చుకోవాలని. నా జతగత్తె నాకంటే పదేళ్లు పెద్దది, నవ్వమన్నా నవ్వదు. నిన్న ఇల్లు సోదా చేసే పద్ధతి చూపించమంటే, అలవాటుగా తలుపుకి ఎదురుగా నిలబడి తట్టాను. ఆవిడ నా భుజం పట్టుకుని గోడవైపు లాగేసింది.

"లోపలివాడు కాలిస్తే చెక్కతలుపు ఆపుతుందా? పక్కన నిలబడు," అంది.

నేనూ ఊరుకోలేదు. "లోపల ఎవరున్నారో ముందు పక్కింటావిడని అడగొచ్చుగా. మేం అడుగుతాం," అన్నాను.

"మాకది తట్టలేదు. మావాళ్లకి చెబుతాను," అంది.

నాన్న పోయిన రోజున కూడా, సోదాకి వెళ్లి అలాగే ఎదురుగా నిలబడి తట్టాడు. ఆయనకి ఈ మాట చెప్పినవాళ్లు లేరు. నేను రాగానే మా స్టేషన్లో అందరిచేతా ఇది చేయిస్తాను, ఎవరు నవ్వినా సరే.

కంటిలో చుక్కలు వేసుకుంటున్నావా? వంటింటి కుళాయి కారడం ఆగిందా? పిన్ని వస్తే నా గదిలో పడుకోమను.

తమ్ముడు కొత్తగా యూనిఫాం వేసుకున్నాడు కదా, నా మాట చెవిన పెట్టడు. వాడు డ్యూటీ నుంచి వచ్చి తలుపు తడితే ముందు కిటికీలోంచి చూడు. పక్కకి నిలబడితేనే గడియ తియ్యి. ఎదురుగా ఉంటే, ఆకలన్నా సరే, తియ్యకు. వాడు నూరేళ్లు చల్లగా ఉండాలి.

నీ పెద్దది