సూది చెప్పని దిక్కు

ప్రియమైన టీచరమ్మకి,

ఇక్కడంతా మామూలే. పొద్దున టైర్లని పరీక్షించడానికి కంపెనీ వాళ్లు వేసిన గుండ్రటి బాట మీద బండెక్కడం, సాయంత్రం ఎక్కినచోటే దిగడం. మీటరు సూది ఎనభై దగ్గర మేకు కొట్టినట్టు నిలబడుతుంది. నాలాగే, ఏ మార్పూ లేదు. కుడి భుజం మాత్రం తలుపుకి ఆనీ ఆనీ లాగేస్తోంది. ఆఫీసరుకి చెబితే నవ్వాడు. "వడి మారనప్పుడు బరువెక్కడిదయ్యా? కుర్చీలో కూర్చున్నట్టే కదా!" అన్నాడు. నిజమే అనిపించింది. వచ్చే వారం నుంచి అరిగిన టైర్లని మధ్యలో ఆపి చూడకుండా తిప్పాలట.

మానేసి నీ దగ్గరికి రమ్మన్నావు. వచ్చి ఏం చెయ్యను? ఇక్కడ అలవాటైపోయింది.

నీ డ్రైవరు

*

ప్రియమైన డ్రైవరు మహాశయా,

ఒళ్లు మండింది. "మార్పు లేదు" అనేది ఎప్పుడూ కుర్చీలో ఉన్నవాడే. నమ్మేది మాత్రం తిరిగేవాడు! సూది చెప్పేది వడి, అంటే ఎంత జోరుగా పోతున్నావన్నది. వేగం అంటే జోరుతోపాటు ఎటు పోతున్నావన్నది కూడా. గేటు దగ్గర నీ బండి మూతి తూర్పుకి ఉంటుంది, సగం చుట్టు తిరిగేసరికి పడమరకి. వడి అదే ఎనభై, వేగం తలకిందులైంది. బండి నేరుగా పోవాలనే చూస్తుంది. దాన్ని క్షణక్షణం లోపలికి, చుట్టు నడిమికి, లాగుతున్నదెవరు? రోడ్డుని పట్టుకున్న టైరు. నిన్ను లోపలికి నెడుతున్నదెవరు? ఆ తలుపు. నీ భుజం నొప్పి ఊహ కాదు, లెక్క. అరిగిన టైరెక్కించి "బరువెక్కడిది" అనేవాణ్ణి ఒక్క చుట్టు నీ పక్కన కూర్చోబెట్టు!

ఇంకోటి విను. ఎక్కినచోటే దిగితే రోజంతటి సగటు వేగం సున్నా. నీ ఉత్తరాలూ అంతే, "మామూలే" దగ్గర మొదలై "అలవాటే" దగ్గర ఆగుతాయి. ఇక్కడ నాకు రెండు కుర్చీలున్నాయి. రెండోదాని మీద పరీక్ష పేపర్లు పెడుతున్నాను, ఖాళీగా కనపడకూడదని.

ఆ టైర్ల మీద ఎక్కకు.

నీ టీచరమ్మ

*

టీచరమ్మకి,

సున్నా వేశావు. మంచిది, నీ చేతికి అలవాటేగా. నీ పాఠం ఆఫీసరుకి ఒప్పజెప్పాను. "మీ ఆవిణ్ణి బడిలో చెప్పుకోమను" అన్నాడు. తోటి డ్రైవర్లు పగలబడి నవ్వారు. ఒక్క పెద్దాయన మాత్రం నవ్వు ఆపి తన కుడి భుజం తడుముకున్నాడు.

సోమవారం నుంచి అరిగిన టైర్లు. ఎక్కుతున్నాను. నేను కాదంటే ఆ పెద్దాయన్ని ఎక్కిస్తారు.

డ్రైవరు

*

ప్రియమైన నీకు,

రాస్తూనే ఉన్నాను, జవాబు లేదు. ఇవాళ తరగతిలో తాడుకి రాయి కట్టి తిప్పాను. వదిలితే ఎటు పోతుందంటే అందరూ "బయటికి" అని అరిచారు. అది తప్పని వదిలి చూపించాలి. వదల్లేకపోయాను. పిల్లలు చూస్తుండగా తాడు చేతికి చుట్టుకుని అలాగే నిలబడ్డాను.

కోపముంటే తిట్టు. "మామూలే" అని రాసినా చాలు.

నీ టీచరమ్మ

*

ప్రియమైన టీచరమ్మకి,

అక్షరాలు వంకరగా ఉన్నాయని దిద్దకు. ఎడమచేత్తో రాస్తున్నాను. కుడి భుజం విరిగింది, ఆసుపత్రిలో ఇన్నాళ్లూ కలం పట్టలేకపోయాను. ప్రాణానికి ఫరవాలేదు.

గేటు దగ్గర టైరు పట్టు వదిలేసింది. పక్కకి విసిరికొడుతుందనుకున్నాను. లేదు. మూతి ఎటుందో అటే, గీత గీసినట్టు, కంచె తెంపుకుని గడ్డిలోకి పోయింది. ఆఫీసరు పరిగెత్తుకొచ్చి ముందు అడిగింది "వడి ఎంత?" అని. "ఎనభై. సూది కదల్లేదు. దిక్కు కూడా రాసుకోండి సార్" అన్నాను. రాసుకోలేదు. పెద్దాయన మాత్రం తన బండి తాళంచెవి తెచ్చి ఆఫీసరు బల్లమీద పెట్టేశాడట, వెనకే మిగతావాళ్లూ. ఆపి చూడకుండా తిప్పడం ప్రస్తుతానికి ఆగింది.

గడ్డిలో పడున్నప్పుడు పొద్దుటి ఎండ సూటిగా కళ్లలో కొట్టింది. నీ ఊరు అటే. ఇన్నేళ్లూ ప్రతి చుట్టులో ఒక్కసారి నీ వైపు తిరుగుతూనే ఉన్నాను, ఆ వెంటనే మూతి తిప్పేసుకుంటూనే ఉన్నాను.

ఈ భుజం ఇక బండి నడపడానికి పనికిరాదట. అందుకని వస్తున్నాననుకోకు, రావాలనిపించి వస్తున్నాను. టిక్కెట్టు ఒకవైపుకే తీసుకున్నాను.

రెండో కుర్చీ మీద పేపర్లు తీసెయ్.

నీ డ్రైవరు