పంటి గాట్లున్న బిళ్ళ

అమ్మా,

నువ్వు పోయి నేటికి ఏడాది. తెగిన నీ చిలకలపూడి గిల్టు గొలుసు ఎంత చేస్తుందో అడుగుదామని, పాపనెత్తుకుని వన్‌టౌన్‌లో షాపుకెళ్ళాను.

షాపాయన గొలుసుకున్న బిళ్ళని వెలుగులో తిప్పి తిప్పి చూశాడు.

"పూత పోయిందండీ. అంచంతా పంటి గాట్లు. ఏమీ పలకదు. కావాలంటే సాపుచేసి కొత్త పూత వేసిస్తాను."

ఆ గాట్లు నావే. నీ చంకలో ఉండి కొరుకుతుంటే నువ్వు లాక్కునేదానివి కాదని అమ్మమ్మ చెప్పేది.

పూత వద్దని, గొలుసు మాత్రం అతికించుకుని మెళ్ళో వేసుకున్నాను. భవానీపురం బస్సులో కృష్ణ నీళ్ళమీది ఎండ మొహంమీద ఊగుతుంటే, నిద్రో మెలకువో తెలియలేదు. నీ ఒళ్ళోనే ఉన్నట్టుంది.

కళ్ళు తెరిచేసరికి పాప తన రెండు కొత్త పళ్ళతో బిళ్ళని కొరుకుతోంది.

నేనూ లాక్కోలేదు.