కోమలి కూర్చునే చోటు

జూన్ 16, 2025, సోమవారం

మా అమ్మాయి కోమలి బడి మాని నేటికి వారం. దానికి తొమ్మిదేళ్లు. కుదురుగా కూర్చోనివ్వని ఏడీహెచ్‌డీ ఉందని తెలిసి రెండేళ్లు. ఇకపై ఏం నేర్చుకోవాలో అదే ఎంచుకుంటుంది, నేను వెనక నడవాలి. హోమ్‌స్కూలింగ్ గ్రూపులో అందరూ అలాగే చెప్పారు. అయినా లెక్క రాసే అలవాటు మానలేక రిజిస్టరులో గళ్లు గీశాను. ఏం చేసింది, ఎన్ని నిమిషాలు. ఈరోజు నా పక్కన కూర్చున్నది నాలుగు నిమిషాలు.

జూన్ 19

మూడు.

జూన్ 27, సాయంత్రం 5

రెండు గంటలు కనిపించలేదు. మేముండే ఇచ్ఛాపూర్ సందులన్నీ తిరిగాను. చివరికి మా అపార్ట్‌మెంట్ వెనక, గంగవ్వ ఇంట్లో దొరికింది. గంగవ్వ భర్త లూమ్‌లో పని. ఆమె ఇంట్లోనే ధాగా కటింగ్ చేస్తుంది, అంటే ఎంబ్రాయిడరీ చీరల వెనక వేలాడే దారాలు కత్తిరించడం. చీరల కుప్ప మధ్య కోమలి, చేతిలో చిన్న కత్తెర. చీరలో వరసకు పదహారు పూల బుటాలు, ముప్పైరెండు వరసలు, మొత్తం ఐదు వందల పన్నెండు అంది నన్ను చూడగానే. కాగితం లేదు. పదహారుని రెట్టింపు చేసుకుంటూ పోయిందట.

కోప్పడబోయాను. గంగవ్వ నవ్వింది. ఏందమ్మా గట్ల ఉరికొస్తివి, నీ బిడ్డను ఎత్కపోతనా, జర చాయ్ తాగు అంది. ఒక్కకాడ కూసోదంటివి, గిదేంది మరి, గోందు వెట్టి అతికిచ్చినట్టు కూసున్నది అని ఎత్తిపొడిచింది కూడా.

రెండు గంటలు. ఆమె పక్కన.

జూలై 4

రోజూ వెళ్తోంది. హజీరాలో డ్యూటీ నుంచి వచ్చాక మా ఆయనకు చెప్పాను. ఇంజనీరు కూతురు దారాలు కత్తిరిస్తోందా అన్నారు. అది ఎంచుకున్నది అదే అన్నాను.

నా బాధ వేరు. వంటింటి కిటికీలోంచి వాళ్ల నవ్వు వినిపిస్తుంది. దేనికో తెలియదు. ఒక్కసారి, ఎవరూ పిలవకుండా, అలా నా దగ్గరికి వచ్చి కూర్చుంటే చాలు.

జూలై 9

తప్పు చేశాను. బుటాల మీద ఇరవై లెక్కలు తయారుచేసి, ప్రింట్ తీసి, లామినేట్ చేయించి, టైమర్‌తో సహా గంగవ్వ ఇంటికి పట్టుకెళ్లాను. గీడ గూడ బడి వెడ్తివా అమ్మా అంది గంగవ్వ. కోమలి కత్తెర కింద పెట్టేసింది. ఇది కూడా మమ్మీ తీసేసుకుంది అని వాళ్లిద్దరూ మాట్లాడుకునే హిందీలో అంది. గంగవ్వతో. నాతో కాదు.

జూలై 10

కోమలి వెళ్లలేదు.

జూలై 15

ఇంకా వెళ్లడం లేదు. నేనే వెళ్లమన్నాను. గోడవైపు తిరిగి పడుకుంది.

జూలై 17

గంగవ్వకు సారీ చెప్పడానికి వెళ్లాను. సారీ నాకెందుకు, ఉత్తగ నిలవడకు, కూసో అని కత్తెర చేతికిచ్చింది. దారం గుంజకు, బుటా ఊడ్తది, చీరలిచ్చిన సేఠ్ నన్ను తిడ్తడు అంది. గంటసేపు కూర్చున్నా ఒక్క చీర పూర్తికాలేదు. రేపు మళ్లీ రమ్మంది. చేయి తిరిగేదాకా నయా కారీగర్‌వే, పని నేర్సుకునేదానివే అని నవ్వింది. ఇంటికొస్తే కోమలి నా చీర మీద అంటుకున్న దారం ముక్కలను చూసింది.

జూలై 22

గంగవ్వ కూరగాయలకు వెళ్లింది. ఆమె ఇంట్లో నేనొక్కదాన్నే దారాలు కత్తిరిస్తున్నాను. జరుగు మమ్మీ అని వినిపించింది. జరిగాను. కోమలి నా పక్కన కూర్చుని చీర రెండో కొస ఒళ్లోకి లాక్కుంది.

కాలు తిమ్మిరెక్కింది. కదపలేదు.