ఆమెన్ తరువాత ఎంటర్

మార్చి 11, బుధవారం. రేపల్లె

ఇంటి కంప్యూటర్ విధుల నుంచి తప్పుకుంది. నీలి తెర వేసి, లోపం సంభవించినందుకు విచారం ప్రకటించి, తిరిగి మొదలై, మళ్లీ విచారం ప్రకటిస్తోంది. కాలేజీలో పాలనాశాస్త్రం బోధించి రిటైరైనవాడిగా ఈ పద్ధతి నాకు కొత్త కాదు.

అయితే అందులో అన్నమ్మ పాట ఉంది. గొంతు ఆపరేషన్‌కు ముందటి గుడ్ ఫ్రైడే ఆరాధనలో, సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల్లో నాలుగోది, నన్నెందుకు చెయ్యి విడిచితివి అన్నదాని తరువాత ఆమె పాడినది. ఆమె గొంతు ఈ లోకంలో మిగిలి ఉన్నది ఆ ఒక్క ఫైలులోనే. ఇప్పుడు నా భార్య పలక మీద రాసి మాట్లాడుతుంది. ఈ గుడ్ ఫ్రైడేకి అదే చోట ఆ రికార్డు వినిపించాలని మా చర్చి సంఘం తీర్మానించింది.

మార్చి 14

కంప్యూటర్ తీసుకుని తెనాలి వెళ్లాను. షాపతను మూతైనా తీయకుండా, ఇది ముసలిదైపోయింది బాబాయ్, కొత్తది తీసుకోండి అన్నాడు. లోపల పాట ఉందన్నాను. పాటలకేంటండి, యూట్యూబ్‌లో బోలెడు అన్నాడు.

మార్చి 17. బాపట్ల

ప్రకాశరావు నాతో పనిచేసినవాడు. ఈమధ్య కంప్యూటర్‌లో విండోస్ వదిలి, లినక్స్ అనే ఉచిత సిస్టమ్‌లోకి మారాడు. కొత్తగా మారినవాళ్ల ఉత్సాహమంతా అతనిలో ఉంది. విండోస్ పక్కనే దీన్నీ పెట్టుకోవచ్చట, ఒక్క ఫైలూ పోదట. పెన్‌డ్రైవ్ చేతిలో పెట్టి, ముందు ఇన్‌స్టాల్ చెయ్యకుండా ట్రై నొక్కు, పాట కనబడగానే కాపీ చేసెయ్యి, నీ పద్ధతులు తరువాత చూసుకుందువుగాని అన్నాడు. చివరి మాట అనవసరం.

మార్చి 20

పెన్‌డ్రైవ్ పెట్టి ట్రై నొక్కాను. తెర వెలిగింది. పాత ఫోల్డర్లన్నీ యథాతథంగా ఉన్నాయి. పాట తెరిచాను.

అన్నమ్మ వంటింట్లోంచి చింతపండు చేతులతో వచ్చి గుమ్మంలో నిలబడింది. అయ్యేదాకా కదల్లేదు. తరువాత పలక మీద, రెండో చరణంలో శ్రుతి తప్పాను అని రాసింది. దాని కింద, ముందు కాపీ చెయ్యండి అని రాసింది.

ఇది ప్రయోగాత్మక దశ అనీ, తాత్కాలిక ప్రభుత్వం ఆస్తుల బదిలీ వంటి నిర్ణయాలు తీసుకోరాదనీ, శాశ్వత ఏర్పాటు పూర్తి కాగానే సక్రమంగా కాపీ చేస్తాననీ వివరించాను. కమిటీ కూడా వెయ్యండి అని రాసింది.

మార్చి 22, ఆదివారం

మా ఇంట్లో ప్రార్థన లేకుండా మిక్సీ కూడా తిరగలేదు. కొత్త వస్తువేదైనా అన్నమ్మ అన్నగారు, సంఘ పెద్ద అయిన బర్నబాస్ బావగారు వచ్చి ప్రార్థించి, ఆ చేత్తోనే స్విచ్ వేయడం ఆనవాయితీ. ఆరాధన ముగియగానే వచ్చారు. అప్పటికి తెర మీద రెండు మార్గాలున్నాయి: విండోస్ పక్కన పెట్టడం, డిస్కు మొత్తం చెరిపి పెట్టడం. గుర్తు రెండోదాని మీద ఉంది. ప్రార్థన అయ్యాక మార్చవచ్చులే అనుకున్నాను. పెద్దవారిని నిలబెట్టి మౌస్ కదపడం మర్యాద కాదు.

బావగారు జలప్రళయం నుంచి మొదలుపెట్టారు. విద్యుత్ శాఖను, ప్రకాశరావును, అన్నమ్మ గొంతును పేరుపేరునా జ్ఞాపకం చేసుకున్నారు. ఆమెన్ అన్నాక కూడా కాసేపు కళ్లు మూసుకుని ఉండటం నాకు అలవాటు. అందువల్ల చర్చిలో నాకు కొంత పేరుంది. ఆ కాసేపట్లో ఆయన ఎంటర్ నొక్కారు. తెర మళ్లీ ఏదో అడిగింది. ఏంటి బావగారూ, దీనికి విశ్వాసం తక్కువల్లే ఉందే అంటూ రెండోసారీ నొక్కారు.

కళ్లు తెరిచేసరికి ఒక నీలి గీత ఎడమ నుంచి కుడికి ప్రశాంతంగా నడుస్తోంది.

అదే రోజు, సాయంత్రం

ఫోల్డర్లు లేవు.

మార్చి 23

పలక రోజంతా శుభ్రంగా ఉంది.

మార్చి 27

ప్రకాశరావు బాపట్ల నుంచి వచ్చాడు. కాపీ చెయ్యమన్నానుగా అని గుమ్మంలోనే అడిగాడు. తాత్కాలిక ప్రభుత్వం సంగతి అతనికి వివరించలేదు. చెరిగినవాటిని వెతికే ప్రోగ్రామ్ పెట్టి పొద్దుటినుంచి కూర్చున్నాడు. పేర్లు పోయిన ముక్కలు వేలల్లో వచ్చాయి. ఒకదానిలో హార్మోనియం ఉంది. ఆ తరువాత అన్నమ్మ గొంతు సవరించుకుంది. ఆ తరువాత ఏమీ లేదు. అక్కడి నుంచి పాట మీద కొత్త సిస్టమ్ రాసేసిందిరా అన్నాడు.

మళ్లీ పెట్టమని అన్నమ్మ వేలు చూపింది. పెట్టాం. మళ్లీ చూపింది.

మార్చి 30

ఆరాధన క్రమం అచ్చయిపోయిందట. అచ్చులో ఉన్నది జరగాలని బావగారి అభిప్రాయం, ఉన్నంతవరకు వినిపిద్దామన్నారు. నా వల్లే పోయింది కదమ్మా అని చెల్లెలి దగ్గర ఏడ్చారు కూడా. ఆమె పలక తీసుకుని, నువ్వు ప్రార్థనే చేశావు అన్నయ్యా అని రాసింది. నా గురించి ఏమీ రాయలేదు.

కంప్యూటర్ మాత్రం క్షణంలో తెరుచుకుంటోంది. లోపల ఏమీ లేకపోవడమే కారణమని నా పరిశీలన.

ఏప్రిల్ 3, గుడ్ ఫ్రైడే

నాలుగో మాట. హార్మోనియం. అన్నమ్మ గొంతు సవరించుకుంది. సంఘమంతా కళ్లు మూసుకుని ఎదురుచూసింది. ఆమె తన చోట లేచి, ఆ పాటకు పట్టేంతసేపు నిలబడి, కూర్చుంది.

ఎవరూ ఆమెన్ అనలేదు.