ఉత్త మేత తొట్టె

అమ్మా,

ఎలా ఉన్నావని అడగను. ఫోనులో అయితే అరుస్తానని రాస్తున్నాను. రాస్తున్నా అరుపులాగే ఉంది, ఏం చెయ్యను?

మా చేపల ల్యాబు మేత గదిలో పనిచేసే పిల్లను, అందరూ కందిరీగ అని పిలిచే పిల్లను, పెళ్ళి చేసుకుంటానని నీ దగ్గరికి తీసుకొచ్చాను. టీ పొడి కొని తెచ్చేలోపు నువ్వేం చేశావు? గుమ్మంలోనే వినబడింది: "వాడిది వాళ్ళ నాన్న రక్తం, ఆలోచించుకో తల్లీ." అప్పటినుంచి పెళ్ళి ఎప్పుడంటే ఆమె "చూద్దాం" అంటోంది. కన్నకొడుకు కాపురానికి నువ్వే అడ్డమా?

నాన్న నిన్ను కొట్టేవాడు. నాకు తెలుసు, మంచం కింద నక్కి ఉండేవాణ్ణి. ఆయన పోయి ఇన్నేళ్ళైంది. నేనెవర్ని కొట్టాను? చెప్పు.

రక్తం గురించి నాకూ కాస్త తెలుసు. నేను కడిగే తొట్లలో పఫర్ చేపలున్నాయి. బెదిరిస్తే బంతిలా ఉబ్బుతాయి. సముద్రంలో పట్టిన వాటిని తింటే మనిషి చస్తాడు. ఆ విషం వాటికి తిండితో వస్తుంది, పుట్టుకతో కాదు. వాటి మీద పరిశోధన చేసే మేడం ఒక తొట్టెకు మేతలో కొద్దికొద్దిగా విషం కలిపి పెట్టిస్తోంది, పక్క తొట్టెకు ఉత్త మేత. రెండిట్లోనూ ఒకే తల్లి పిల్లలు. తర్వాత కాలేయం తీసి జన్యువులు చూస్తారు. పుస్తకాలు తిరగేసీ, మేడం బుర్ర తినీ తెలుసుకున్నాను: విషం పేరుకున్నకొద్దీ కొన్ని జన్యువులు గొంతు పెంచుతాయి, కొన్ని నోరు మూసుకుంటాయి. జన్యువులు అవే, వాటి పని మారింది. మేత వల్ల! మరి నువ్వు నాకేం పెట్టావు? "నోర్ముయ్, అచ్చం మీ నాన్నే." ఊహ తెలిసినప్పటి నుంచీ అదే మేత.

సెలవులకు రాను. అసలెప్పటికీ రాకపోవచ్చు.

ఆయన కొడుకు

*

అమ్మా,

నువ్వు జవాబు రాయలేదు. రాయకపోవడమే మంచిదైంది.

నిన్న ఉత్త మేత తొట్టెలో చేపలు ఒకదాని తోక ఒకటి కొరికేసుకున్నాయి. విషం తిన్నవి పక్క తొట్టెలో నిమ్మళంగా తిరుగుతున్నాయి. నా వాదమంతా తలకిందులు. మేడాన్ని అడిగితే, "విషం లేకపోతే వీటికి స్థిమితం ఉండదేమోనని అనుమానం. ఏ జన్యువు ఏం చేస్తోందో ఇంకా వెతుకుతున్నాం. ముందు దెబ్బతిన్నవాటిని వేరు చెయ్యి నాయనా" అంది. ఇంకో మాటా చెప్పింది. సముద్రంలో తల్లి చేప తన విషంలో కొంత గుడ్లలో పెడుతుందట. అందుకే ఆ చేపపిల్లను నోట్లో వేసుకున్న వేరే పెద్ద చేప వెంటనే ఉమ్మేస్తుందట. అంటే పుట్టుకతోనూ వస్తుందన్నమాట! నాకు ఒళ్ళు మండింది.

పంపు హోరులో కందిరీగను నిలదీశాను, సంగతి ఇప్పుడే తేల్చమని. మళ్ళీ మేత, రక్తం, జన్యువులు అని మొదలుపెట్టాను. ఆమె చేతిలో వల కదల్లేదు.

"చేపల సంగతి ఆపు. నీ చెయ్యెక్కడుందో చూసుకో."

చూసుకున్నాను. నా పిడికిలి ఆమె తల పక్కన గోడ మీదుంది. కొట్టడానికి కాదమ్మా, ఒట్టు. కానీ ఆమె గోడకు అతుక్కుపోయి ఉంది. చెయ్యి దించడానికి నాకు కాసేపు పట్టింది.

"మీ అమ్మ నన్ను వద్దనలేదు" అంది. "తన చెయ్యి ఎలా విరిగిందో చెప్పింది. ఎవరో పక్కింటావిడ సంగతి చెబుతున్నట్టు, నవ్వుతూ. నువ్వొచ్చేసరికి ఆపేసింది. నువ్వెప్పుడైనా అడిగావా?"

అడగలేదు. మెట్ల మీంచి పడ్డావని చెప్పమన్నావు, అందరికీ అదే చెప్పాను. చెప్పీ చెప్పీ నేనే నమ్మేశాను.

"మరి నా సంగతి?" అన్నాను.

"చూస్తున్నాగా" అని తోక తెగిన చేపను వలలోకి తీసుకుని వెళ్ళిపోయింది. అందులో అవునూ లేదు, కాదూ లేదు.

ఆదివారం వస్తున్నాను, ఒక్కణ్ణే. ఆమెకు నచ్చజెప్పమని అడగడానికి కాదు. నీ చెయ్యి సంగతి నాకు చెప్పు. మధ్యలో నాకు కోపమొస్తే లేచి తలుపు తియ్యి. బయట మెట్ల మీద కూర్చుంటాను. నువ్వు పిలిచినప్పుడే లోపలికొస్తాను.

నీ పెద్దోడు