యాభై రెండులోంచి ముప్పై ఏడు పోగా

ప్రదర్శనశాలల అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: ఒంటిగది బడి ప్రదర్శనశాలలోని నల్లబల్లపై గల తీసివేత లెక్కను సరిదిద్దుటకు అనుమతి కోరుట – నాలుగవ అర్జీ.

తమకు మనవి చేసుకొనునది ఏమనగా:

1. సదరు ప్రదర్శనశాల పూర్వాశ్రమంలో బడి. గది ఒకటి, కిటికీలు రెండు, తరగతులు ఐదు, పంతులమ్మ ఒకతె. ఆ పంతులమ్మను నేనే.

2. ఇరవై మూడేళ్ల కిందట ఒక ఉదయం మూడో తరగతి పిల్ల 52లోంచి 37 తీసివేస్తూ, పక్కింటి నుంచి పది తెచ్చుకున్నది గానీ, పక్కింట్లో ఒకటి తగ్గిన సంగతి మరచి 25 అని వేసినది. "అమ్మడూ, పక్కింట్లో ఇంకెన్ని మిగిలాయే?" అని నేను అడగబోతుండగా తనిఖీ అధికారి వచ్చారు.

"మీకు పిల్లలు పంతొమ్మిది మందే. ఇరవై ఉండాలి. బడి మూసేశాం."

"ఈ లెక్క అయ్యేదాకా ఆగండి సార్."

"ఉత్తర్వు తక్షణం అమల్లోకి వచ్చిందమ్మా," అని అందరినీ బయటికి పంపి తాళం వేశారు.

3. ఆ తాళం పంతొమ్మిదేళ్లు ఉన్నది. పిమ్మట తమ శాఖవారు తెరిపించి, వెల్ల వేయించి, ప్రదర్శనశాల చేసితిరి. సంతోషం. ఇప్పుడు రోజుకు రెండు బస్సుల పిల్లలు వస్తున్నారు. వీళ్లలాంటి వాళ్లు నాడు ఒక్కరు వచ్చి ఉంటే ఇరవై అయ్యేవారు.

4. కిటికీ రెక్కకు ఆనించే కర్రకు "దండన సాధనము" అని చీటీ కట్టినారు. ఆ కర్ర గాలిని తప్ప ఎవరినీ అడ్డగించి ఎరుగదు. నా కుర్చీలో నేను కూర్చోబోగా కాపలాదారు, "లేవండమ్మా, అది పాతకాలం వస్తువు," అన్నాడు. "నేను దానికంటే పాతదాన్ని నాయనా," అన్నాను. ఇవన్నీ ఓర్చుకోగలను.

5. ఓర్చుకోలేనిది ఇది. నల్లబల్లకు అద్దం తలుపు బిగించి, కింద "నాటి బోధనా ప్రమాణములకు తార్కాణము" అని రాయించినారు. పోయిన ఏడాది బస్సులో వచ్చిన పిల్లలకు తమ సిబ్బంది ఆ తప్పు చూపించగా అందరూ విరగబడి నవ్వారు. వారిలో ఒక పిల్ల ఇంటికెళ్లి, "ఎవరో మొద్దు పిల్ల వేసిందట అమ్మా!" అన్నది. ఆ అమ్మ మా వీధి దర్జీ. జానెడు గుడ్డ వృథా కాకుండా కత్తిరించే మనిషి. ఆ లెక్క వేసినది ఆమే. "ఆ మొద్దును నేనేనని దానికి చెప్పలేకపోయాను టీచర్," అని మా గుమ్మంలో కూర్చుని ఏడ్చినది. అయ్యా, ఆమె మొద్దు కాదు. లెక్క పూర్తి కానివ్వలేదు, అంతే.

6. నా మొదటి అర్జీకి "తప్పు కూడా వారసత్వ సంపదే" అని జవాబు వచ్చినది. రెండవదానికి, తప్పు చేసినది ఆ దర్జీ అమ్మాయేనని ప్రధానోపాధ్యాయుల ధ్రువపత్రం కావాలన్నారు. నేనే రాసి, మూడవదానికి జతచేసితిని. "లేని బడికి ప్రధానోపాధ్యాయురాలు ఉండజాలదు" అని తిప్పి పంపినారు. మరి నేనెవరినో తమరే సెలవియ్యాలి.

కావున ఒక సుద్దముక్కకు, రెండు నిమిషాలకు అనుమతి ఇప్పించగలందులకు ఈ ముసలి పంతులమ్మ మొర చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
లేని బడికి ఉన్న పంతులమ్మ

తా.క.: అయ్యా, అర్జీ ఇవ్వడానికి ప్రదర్శనశాలకే వచ్చాను. దర్జీ అమ్మాయి కూడా తన కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. కాపలాదారు టీకి వెళ్లాడు. అద్దానికి గడియే తప్ప తాళం లేదు. ఇక నన్నేం చెయ్యమంటారు? ఆమె చేతికి సుద్ద ఇచ్చాను. 25లోని రెండును చెరిపి ఒకటి వేసింది. "ఇది నా లెక్కే," అని కూతురికి చెప్పింది. ఆ పిల్ల బల్లకేసీ, తల్లికేసీ చూసి, "నాకూ ఒక లెక్క ఇవ్వండి టీచర్," అంది. కింద జాగా ఉంటే ఇచ్చాను. ఇంకా చేస్తోంది. ఏ చర్య తీసుకున్నా సరే, ఈసారి లెక్క అయ్యేదాకా మాత్రం ఎవరినీ పంపకండి.